చికాగో కుర్రాడికి చప్పట్లు

వెర్నా జాడిన్‌కి వారంలో ఆదివారం ఒక్కటే పండగ. తక్కిన రోజులన్నీ ఆ పండగ కోసం ఎదురుచూపులే. గ్రీన్ బే నగరానికి దగ్గర్లోని కాస్కో ఊళ్ళో ఆమె బస్సెక్కకుండా బడికి వెళ్ళిన పిల్లలు లేరంటే అతిశయోక్తి కాదు. పసుపు బస్సు నడిపీ నడిపీ ఎడమ మోకాలు అరగదీసుకుని రెండేళ్ళ కిందట తాళాలు అప్పగించింది. పెళ్ళి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్ళు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. మామూలు రోజుల్లో ఇంట్లో ఆమెతో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఆదివారం మాత్రం పొద్దున్నే చర్చి, అక్కణ్ణుంచి సరాసరి ఓడెట్ బార్. అక్కడ పెద్ద డేగిసాలో కుతకుతలాడే బూయా పులుసు, వెనకగదిలో టీవీ ముందు పొడుగుబల్ల, దాని చుట్టూ పన్నెండు కుర్చీలు. అందులో ఒకటి వెర్నాది.

అది ఫాంటసీ లీగు కుర్చీ. ఆగస్టులో ఆ పన్నెండుమందీ కూర్చుని, దేశంలోని అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో బంతి విసిరి అందుకునే ఆట) జట్లన్నిట్లోంచీ తలా కొందరు ఆటగాళ్ళని ఏరుకుంటారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరిద్దరికి పోటీ. తమ ఆటగాళ్ళలో ఎవర్ని ఆడించాలో, ఎవర్ని కూర్చోబెట్టాలో ఆట మొదలయ్యేలోగా చెప్పాలి. మైదానంలో ఆటగాడు నిజంగా ఎన్ని బంతులు అందుకున్నాడో, ఎన్ని గజాలు పరిగెత్తాడో, ఎన్నిసార్లు అవతలి గీత దాటాడో, దాన్నిబట్టి ఇక్కడ పాయింట్లు. చెమట వాళ్ళది, గొప్పలు వీళ్ళవి. ఇంతవరకూ ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. బార్ నడిపే ఓడెట్టే ఇక్కడ లీగు లెక్కలూ చూస్తుంది, ఆమె బార్‌లో మాత్రం ఇంకో కట్టుబాటుంది. ఏడాది చివర అడుగున మిగిలినవాళ్ళు కుర్చీ ఖాళీ చేసి వెళ్ళాలి. ముందుగదిలో స్టూళ్ళ మీద బీరు తాగుతూ ఏళ్ళ తరబడి వంతు కోసం కాచుకున్నవాళ్ళు ఉన్నారు మరి. ఒకసారి లేస్తే మళ్ళీ ఆ వరస చివర నిలబడాల్సిందే.

వెర్నాకి మొదటి నుంచీ ఒక పట్టుదల. కొత్త కుర్రాళ్ళని తీసుకోదు. బంతి అందుకునే రిసీవర్లయినా, బంతి విసిరేవాళ్ళయినా ముప్పై దాటినవాళ్ళే ఆమెకి ముద్దు. "కొత్త డ్రైవరు వేగం చూపిస్తాడు, పాత డ్రైవరు ఇంటికి చేరుస్తాడు" అనేది. ఆమె ముసలి వీరులు కొన్నేళ్ళు నెట్టుకొచ్చారు గానీ ఈ ఏడాది ఒక్కొక్కరే చతికిలబడ్డారు.

"నీ జట్టుకి కోచ్ ఎందుకు వెర్నా? కీళ్ళనొప్పుల మందు రాసే నర్సుంటే చాలు" అనేవాడు ఎదురు కుర్చీలోని ఎర్విన్ లాంపెరూర్.

"నీ కుర్రాళ్ళకి పాలసీసా పట్టేవాళ్ళు దొరికారా ఎర్విన్?" అని వెర్నా ఊరుకునేది కాదు.

ఎర్విన్ పాల డెయిరీ ఆసామి. నోరు పెద్దది, మనసు అంత చెడ్డది కాదు, కానీ అనుమానం పుట్టుకతో వచ్చింది. వెర్నా మీద అతనికో పాత ఫిర్యాదు ఉంది. ఒకసారి మంచు తుఫాన్లో ఆమె బస్సు జారి అతని గేటు ముందున్న పోస్టు డబ్బాని పడగొట్టింది. బస్సులో పిల్లలు లేరు, రోడ్డు మీద పురుగు లేదు. ఎర్విన్ అయితే మంచు తోసే బండివాడి పనేనని అప్పటికే వాణ్ణి ఏడు తరాలతో సహా తిట్టడం మొదలుపెట్టాడు. వెర్నా తిరిగొచ్చి తలుపు తట్టి, "నేనే కొట్టాను" అంది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పినందుకు ఇన్నేళ్ళుగా "నా డబ్బాని చంపినమ్మ" అనిపించుకుంటోంది. ఇలాంటివాళ్ళు లోకంలో ఎక్కువమంది ఉండరు, ఉన్న చోట మనకి విలువ తెలియదు.

ఆ ఏడాది ఆఖరి వారానికి పట్టిక అడుగున ఇద్దరు మిగిలారు. ఒకరు వెర్నా, ఇంకొకరు లైల్ డెల్వో. బస్సుల షెడ్డులో మెకానిక్. చిన్నప్పుడు వెర్నా బస్సులోనే బడికెళ్ళినవాడు, ఇప్పటికీ ఆమెని "మిసెస్ జాడిన్" అనే పిలుస్తాడు. పెళ్ళి కాలేదు కదా అని ఎవరెన్నిసార్లు చెప్పినా వాడి నోరు తిరగలేదు. ఆ ఆదివారం వాళ్ళిద్దరికే పోటీ. ఓడినవాళ్ళ కుర్చీ గల్లంతు.

వెర్నా ఆ వారమంతా సరిగ్గా నిద్రపోలేదు. నవ్వుకునే ఆటే అని ఆమెకీ తెలుసు. కానీ ఆ కుర్చీ పోతే ఆదివారం మధ్యాహ్నం ఎవరి మొహం చూడాలి? ఎవర్ని వెక్కిరించాలి, ఎవరి చేత వెక్కిరించుకోవాలి? భయమేసింది ఆమెకి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోని భయం.

ఆ రోజు గ్రీన్ బేకీ చికాగోకీ ఆట. బార్ అంతా ఆకుపచ్చ, పసుపు చొక్కాలతో కిక్కిరిసిపోయింది. పదకొండున్నరకి లైల్ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. అతని భార్యకి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయని, ఆసుపత్రిలో ఉన్నాడని అందరికీ తెలుసు. గోడ మీది టీవీలో లీగు పట్టిక చూస్తున్న వెర్నాకి ఒక సంగతి కంటబడింది. లైల్ ఆడిస్తున్న రిసీవర్లలో ఒకడికి కాలు బెణికిందని, ఆడటం లేదని పొద్దున్నే చెప్పారు. వాడి పేరు అలాగే ఉంది. అలా వదిలేస్తే ఆ చోట సున్నా.

బల్ల దగ్గర ఇంకెవరూ గమనించలేదు. గమనించినా నోరు విప్పేవాళ్ళు కారు, ఎందుకంటే ఎదుటివాడి జట్టు ఎదుటివాడి పూచీ. వెర్నా పులుసు చెంచా పక్కన పెట్టింది. ఫోన్ తీసింది.

"లైల్, నీ రిసీవర్ ఒకడు ఆడట్లేదు. మార్చుకో, టైం లేదు."

అవతల ఎవరో మూలుగుతున్నారు. లైల్ గబగబా అన్నాడు. "మిసెస్ జాడిన్, నాకిక్కడ చెయ్యి ఖాళీ లేదండీ. దాని చేతిలో నా చెయ్యి నలిగిపోతోంది. బెంచీ మీద ఇద్దరున్నారు చూడండి, కార్లిస్ టీగ్, ఆ చికాగో పిల్లాడు. మీరే ఎవర్నో ఒకర్ని పెట్టేయండి. ఓడెట్‌కి చెప్తే మారుస్తుంది."

"ఒరేయ్, నీ మీద ఆడేది నేను!"

"తెలుసండీ. అందుకే నిశ్చింతగా ఉన్నా" అని పెట్టేశాడు.

ఆమె ఫోన్ స్పీకర్లో మాట్లాడుతోంది, చెవి కాస్త మందం. బల్లంతా విన్నది.

ఇక్కడ ఆ ఇద్దరి సంగతీ చెప్పాలి. కార్లిస్ టీగ్ గ్రీన్ బే జట్టులో పాతకాపు. అతని చొక్కా ఆ గదిలో సగంమంది ఒంటి మీద ఉంది. రెండోవాడు జేవియన్ ప్రూయిట్, చికాగో జట్టులో ఈ ఏడే చేరిన కుర్రాడు. కాస్కోలో పుట్టినవాడెవడూ చికాగోవాణ్ణి కావాలని ఏరుకోడు. ఆగస్టులో లైల్ వేలు ఫోన్ మీద జారి పక్క పేరు మీద పడింది, ఏడాదంతా ఊరు నవ్వింది. సిగ్గుతో వాణ్ణి ఒక్కసారి కూడా ఆడించలేదు. పైగా ఓడెట్ బార్‌లో చికాగోకి చప్పట్లు కొట్టినవాళ్ళు బూయా డేగిసా తోమాలి. ఆ డేగిసాలో ఒక దూడ పడుకోవచ్చు.

"ఇంకేముంది, టీగ్‌ని పెట్టు. నీకు ముసలాళ్ళే ఇష్టం, మనవాడు కూడాను" అంది ఓడెట్.

టీగ్ పేరు చెబితే అందరూ తలూపుతారు. ఎప్పటి మాటే చెప్పిందంటారు. కానీ ఆమె ఇంట్లో ఒంటరిగా అన్ని ఆటలూ చూసే మనిషి. మూడు వారాలుగా టీగ్ బంతి అందుకుని నేల మీద కాలు మోపే తీరు చూస్తోంది. బస్సు మెట్లు దిగేటప్పుడు తన ఎడమకాలు చేసిన పనే అతని కాలూ చేస్తోంది. బరువు పూర్తిగా వేయకుండా దొంగతనంగా పక్క కాలికి మార్చేస్తోంది. టీవీలో పెద్ద పెద్ద కబుర్లు చెప్పేవాళ్ళెవరూ ఆ మాట అనలేదు. ఇక ఆ చికాగో పిల్లాడు బంతులు జారవిడుస్తాడు, తప్పు దారిన పరిగెడతాడు, అన్నీ నిజమే. కానీ ఆట చిక్కుల్లో పడ్డప్పుడల్లా బంతి విసిరేవాడి కళ్ళు వాడినే వెతుకుతున్నాయి.

"ప్రూయిట్‌ని పెట్టు" అంది వెర్నా.

గది గొల్లుమంది. ఎర్విన్ బల్ల చరిచాడు. "చూశారా! చూశారా! పుట్టి బుద్ధెరిగాక ఒక్క కుర్రాణ్ణి నమ్మని మనిషి, ఇవాళ పక్కవాడి జట్టులోకి చికాగోవాణ్ణి తోస్తోంది! పాపం వాడక్కడ పెళ్ళాం పక్కన చస్తుంటే ఇక్కడ వాడి గొయ్యి తవ్వుతోంది!"

"ఎర్విన్, నోరు" అంది ఓడెట్. ఆమె కళ్ళల్లోనూ అదే అనుమానం.

వెర్నా మొహం కందిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా. అయినా గొంతు పెంచలేదు. "నన్నడిగాడు. నాకు తోచింది చెప్పాను. పెడతావా, పన్నెండవుతోంది."

ఓడెట్ పెట్టింది.

ఇక ఆ మధ్యాహ్నం ఆమె అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. కుర్రాడు ఆడకపోతే కుర్చీ నిలుస్తుంది, పేరు పోతుంది. ఆడితే పేరు నిలుస్తుంది, కుర్చీ పోతుంది. మొదటి సగంలో ప్రూయిట్ రెండు బంతులు జారవిడిచాడు. ఎర్విన్ ప్రతిసారీ వెర్నా వైపు తిరిగి టోపీ ఎత్తి దండం పెట్టాడు. టీగ్ ఒక్క బంతి అందుకుని, రెండో సగం మొదట్లోనే కుంటుతూ బయటికెళ్ళి కోటు కప్పుకుని కూర్చున్నాడు. గదిలో అయ్యో అన్నారు. మోకాలు పట్టుకున్న వెర్నా కూడా అయ్యో అనుకుంది, నిజంగానే.

చివరి నిమిషానికి గ్రీన్ బే ఇరవై పాయింట్లు ముందుంది. ఆట అయిపోయినట్టే, జనం పాటలు మొదలెట్టారు. తక్కిన ఆటగాళ్ళ లెక్కలన్నీ తేలిపోగా లీగు పట్టికలో వెర్నా నాలుగు పాయింట్లు ముందుంది. ఎర్విన్ అటు వేలు చూపించి, "అభినందనలు వెర్నా. కుర్చీ గట్టిదే" అన్నాడు. ఆ మాటలో విషం ఉంది.

అప్పుడు, ఎవరికీ అక్కర్లేని ఆ ఆఖరి ఘడియలో, చికాగోవాడు బంతిని ఎత్తుగా విసిరాడు. ఇద్దరు గ్రీన్ బే ఆటగాళ్ళ మధ్య ఆ కుర్రాడు లేచాడు. వేళ్ళ చివర్లతో అందుకున్నాడు, తూలాడు, పడబోయి నిలదొక్కుకుని గీత దాటేశాడు.

జనం పట్టించుకోలేదు. గెలిచిన ఆటలో అదో లెక్కా? బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం పట్టిక వైపు చూశారు. లైల్ అంకె గెంతి వెర్నా అంకెని దాటింది.

ఇంతలో చప్పట్లు వినబడ్డాయి. వెర్నా లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, చికాగో కుర్రాడికి చప్పట్లు కొడుతోంది. నవ్వుతోంది కూడా. తను చూసింది నిజమేనని తేలిన సంతోషం అది. ఆ క్షణంలో కుర్చీ సంగతే ఆమెకి గుర్తు లేదంటే నమ్మాలి.

ఎవరైనా చికాగోకి చప్పట్లు కొట్టి దొరికిపోతే మోగించే ఆవు గంటని ఓడెట్ అలవాటు కొద్దీ మోగించింది, తర్వాత ఎందుకు మోగించానా అన్నట్టు చూసింది. "వదిలెయ్ వెర్నా, ఇవాళ్టికి..."

"కట్టుబాటు కట్టుబాటే. డేగిసా ఎక్కడ?" అంది వెర్నా. కుర్చీ వీపు మీంచి తన కోటు తీసుకుని, కుర్చీని బల్ల కిందికి సర్ది వెళ్ళింది.

వంటగదిలో ఆమె చేతులు మోచేతుల దాకా మసిలో ఉండగా లైల్ ఫోన్ చేశాడు. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. తర్వాత గానీ వాడికి ఆట గుర్తుకు రాలేదు. గెలిచావని ఆమే చెప్పింది. "క్షమించండి మిసెస్ జాడిన్" అన్నాడు.

"పిల్లని చూసుకో, వెధవా" అని పెట్టేసింది. పెట్టేశాక ఏడుపొచ్చింది. వచ్చే ఆదివారం ఖాళీగా కళ్ళ ముందు నిలబడింది.

వెనక తలుపు చప్పుడైంది. ఎర్విన్ లోపలికొచ్చి, ఇంకో బ్రష్షు తీసుకుని డేగిసా రెండో పక్క తోమడం మొదలెట్టాడు. కాసేపయ్యాక అడిగాడు. "టీగ్ మోకాలి సంగతి నీకెలా తెలుసు?"

"నాకూ ఒకటుందిగా."

ఎర్విన్ ఇంకాస్త తోమాడు. "వచ్చే ఏడు నాకు ఇలాంటి చిక్కొస్తే, కొత్తవాడా పాతవాడా అని... నువ్వే చెప్పాలి."

"నేను లీగులో లేనుగా ఎర్విన్."

"కుర్చీ పోతుందని తెలిసి కూడా పక్కవాడికి నిజం చెప్పావు. పోయాక చెప్పడానికేం రోగం?" అన్నాడు, తలెత్తకుండా.

సెప్టెంబరులో ఆటలు మొదలైన ఆదివారం, వెర్నా వెనకగది వైపు చూడకుండా ముందుగదిలోనే తలుపు పక్క స్టూలు మీద కూర్చుంది. ఓడెట్ బూయా గిన్నె తెచ్చి పెట్టింది. చెంచా ముంచేలోపే ఎర్విన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. వెనకాలే లైల్, గుండెకి పిల్లని కట్టుకుని. ఆ రోజు వాళ్ళిద్దరికే పోటీ.

"ముందు నేనొచ్చా" అన్నాడు ఎర్విన్.

"నా దగ్గర పసిపిల్లుంది" అన్నాడు లైల్.

వాళ్ళ వెనక ఇంకో ముగ్గురు చేరారు. వెర్నా ఒకడి సంగతి ఒకడి చెవిలో, రెండోవాడి సంగతి రెండోవాడి చెవిలో తనకి తోచిన నిజం చెప్పింది. ఒకరి మాట ఇంకొకరికి పొక్కనివ్వలేదు. లైల్ పిల్ల ఆమె వేలు పట్టుకుని వదల్లేదు. పన్నెండు కొట్టేసరికి గిన్నెలో బూయా చల్లారిపోయింది. ఓడెట్ అది పారబోసి, మళ్ళీ వేడివేడిది పోసి పెట్టింది.