కేకు మాటలు ఆగేదాకా

"అమ్మా, అత్తయ్య పోయారు" అని మా అమ్మాయి బాపట్ల నుంచి ఫోన్ చేసేసరికి నేను తెనాలిలో పెసలు బాగు చేసుకుంటున్నాను. అలాంటప్పుడు ఎవరైనా ఏడుస్తారు, లేదా ఎలా జరిగిందని అడుగుతారు. నేను "కుంపటి ఆర్పి ఉందా?" అన్నాను. అవతల మా అమ్మాయి అమ్మకి మతి పోయిందనుకుని ఉంటుంది. ముందుగా నా నోట ఆ ప్రశ్నే ఎందుకొచ్చిందో చెప్పాలంటే నాలుగేళ్లుగా దాచిన సంగతొకటి చెప్పాలి. దాచమన్న మనిషి ఇక లేదు కాబట్టి చెబుతున్నాను.

పోయినావిడ నా వియ్యపురాలు. మా ఇద్దరికీ కలిపి ఒక్కతే మనవరాలు. రేపల్లెలో ఆవిడ పుట్టింటి పక్కన బేకరీ ఉండేదట, పిట్టగోడ మీంచి చూసి కేకు చెయ్యడం నేర్చుకుంది. కుంపటి మీద బాణలి, అందులో ఇసుక, ఇసుక మీద పిండి పోసిన గిన్నె, పైన మూత, మూత మీద నిప్పులు. అంతే సరంజామా. కొడుకు కరెంటు ఓవెన్ కొనిపెడితే అందులో శుభలేఖలు దాచుకుంది. మేం గుడ్డు ముట్టమని మాకోసం పులిసిన పెరుగుతో వేరే చేసేది. అది తింటే నాకు వంక పెట్టడానికి ఏమీ దొరికేది కాదు. నాకు వంక దొరకకపోవడమంటే ఎంత మాటో మావాళ్లని అడగండి.

నాలుగేళ్ల కిందట మనవరాలి పుట్టినరోజుకి రెండు రోజులు ముందే వెళ్లాను. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన చెయ్యి ఊరికే ఉండదు కదా. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించి, అకారాది క్రమంలో సర్దేశాను. పంచదార పొడి ఉండే చోటికి ఉప్పు వచ్చి కూర్చుంది. పుట్టినరోజునాడు కేకు కోసి అందరూ తలా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. రెండో ముక్క ఎవరూ అడగలేదు.

అమ్మకి పెద్దతనం వచ్చేసింది, ఇక నిప్పుల దగ్గరికి వెళ్లనివ్వకూడదు అన్నాడు మా అల్లుడు, అంటే ఆవిడ కొడుకు. కోపంగా కాదు, ప్రేమగానే. నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఆవిడ డబ్బాల వరసని వేళ్లతో తడుముతోంది.

"ఈ కాగితాలేంటి వదినగారూ?"

నేను రాసినవి బొటనవేలంత అక్షరాలు. అప్పుడు అర్థమైంది నాకు. కంట్లో నీటికాసుల జబ్బట. గుంటూరులో చూపించుకుంటూనే ఉంది. మందు చుక్కలు వేసుకుంటే ఉన్న కాస్త చూపూ నిలుస్తుంది గానీ పోయింది రాదన్నారట. ఇంట్లోవాళ్లకి మాత్రం ఆ చుక్కలు కళ్ల దురదకని చెప్పింది.

"మావాడికి చెప్పకండి. నన్ను కూర్చోబెట్టేస్తారు."

నేను హాల్లోకి వచ్చి, ఉప్పు కలిపింది నేనేనని చెప్పాను. తెలుగు టీచర్లకి వంట రాదన్న సంగతి నమ్మడానికి మా అల్లుడికి క్షణం పట్టలేదు.

మర్నాడు కాగితాలు పీకి డబ్బాలు పాత వరసలో పెట్టాను. ఆవిడ మళ్లీ కేకు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. గరిటె నుంచి జారే పిండి చప్పుడు విని ఇంకో చెంచా పెరుగు వేసింది. మూతకి జానెడు ఎత్తులో అరచెయ్యి పెట్టి రెండు నిప్పులు తీసేసింది. చాలాసేపటికి మూత తీసి, చెవి కిందికి వంచింది.

"ఇంకా మాట్లాడుతోంది" అంది.

నేనూ వంగాను. గంజి పెట్టిన చీర మడత విప్పుతున్నట్టు సన్నటి చిటపట. క్రమంగా తగ్గి ఆగిపోయింది. మాటలు ఆగితే ఉడికినట్టట. అయితే నేనింకా పచ్చిగానే ఉన్నానన్నమాట అన్నాను.

"మీరు ఉడికే రకం కాదు వదినగారూ" అంది, బట్టతో గిన్నె దింపుతూ.

ఇన్నేళ్లూ పిల్లల్ని వినండి వినండి అని కేకలేశాను. వినడమంటే ఏంటో ఆ రోజు కళ్లారా చూశాను.

చూసి తెనాలి పాసింజరు ఎక్కాక భయం పట్టుకుంది. ఆ కొంగుకి ఎప్పుడైనా నిప్పంటుకుంటే ఆ పాపం ఎవరిది? నోరు మూసుకున్న నాది కాదూ? అందుకే రోజూ సాయంత్రం ఫోన్ చేసి కుంపటి ఆర్పారా అని అడిగేదాన్ని. "ఆర్పాను టీచరుగారూ" అనేది, హోంవర్కు చేసిన పిల్లలాగా. ఒక్కోరోజు బాపట్ల నుంచి ఫోన్ మోగితే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు. అల్లుడికి చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ రెండుసార్లూ కేకు మీదికి వంగిన ఆ మొహం గుర్తొచ్చి మింగేశాను.

ఫోన్ వచ్చిన ఆ రోజు అమ్మాయి టీ తీసుకెళ్లేసరికి ఆవిడ పెరటి వసారాలో కుర్చీలో గోడకి తల ఆనించి ఉందట. నిద్రనుకుందట. నేను ఫోన్ పెట్టకుండా, వెళ్లి కుంపటి చూడు అన్నాను. చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు కిర్రుమంది. తర్వాత గిన్నె మూత తీసిన చప్పుడు.

"కేకు దింపి మూత పెట్టారమ్మా" అంది చివరికి. "కుంపట్లో నీళ్లు చల్లారు. బొగ్గుల మీంచి ఇంకా ఆవిరి లేస్తోంది."