మొగిలి ఫైవ్ మినిట్స్

మొగిలికి తెలిసిన కాలమానం ఒక్కటే: ఫైవ్ మినిట్స్. పొద్దున ఎనిమిదింటికి మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీకి బయల్దేరాల్సిన కంపెనీ బస్సుకు ఆయన డ్రైవరు. ఎప్పుడు కదులుతుందని ఎవరడిగినా ఫైవ్ మినిట్సే. పెళ్లై ఎన్నాళ్లయిందని అడిగినా నోటికి అదే వస్తుందని బస్సులో చెప్పుకునేవారు.

ఇంగ్లిషువాళ్ల ఫైవ్ మినిట్స్ గడియారంలో ఇరుకుగా పడి ఉంటుంది. మొగిలిది రబ్బరు. దాన్ని సాగదీయడానికి ఆయన దగ్గర బోలెడు పనులు. టైర్లను ఒక్కొక్కటే తన్ని చూసేవాడు, తళతళలాడే అద్దాన్ని మళ్లీ తుడిచేవాడు, రేడియేటర్లో నీళ్లు పోసేవాడు. ఆ బస్సు తాగినన్ని నీళ్లు హైటెక్ సిటీ మొత్తం తాగి ఉండదు.

అందరికంటే ఎక్కువ ఉడికిపోయేది రూబీ. తొంభై తొమ్మిదిలో, కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం తేదీలు సరిచేసే వైటూకే పనికి మనుషులు చాలనప్పుడు, గుంటూరు నుంచి వచ్చి చేరింది. కొత్తలో దారి తెలియక సిటీ బస్సుల్లో తిరిగి లేటు మార్కులు తెచ్చుకుంది. ఇంకొక్కటి పడితే ఉద్యోగం పర్మనెంటు కాదు. అందుకే అందరికంటే ముందొచ్చి ముందు సీట్లో కూర్చునేది.

"మొగిలిగారూ, మీ టైర్లు బాగానే ఉన్నాయండీ. నా ఉద్యోగమే ఊడేలా ఉంది!"

"ఫికర్ జెయ్యకమ్మా. ఫైవ్ మినిట్స్."

"రేపు కంప్లైంట్ ఇచ్చేస్తానండీ!"

"ఇయ్యి తల్లీ. జర గీ అద్దం తుడిసినంక ఇద్దువుగని."

ఆ మర్నాడు హాస్టల్లో నల్లా నీళ్లు రాలేదు. రూబీ బకెట్టు పట్టుకుని ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడి, తయారయ్యేసరికి ఎనిమిది దాటిపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. వీధి మలుపు తిరిగితే బస్సు ఉంది! లోపల జనం కేకలు, బయట మొగిలి తీరిగ్గా అద్దం తుడుస్తున్నాడు. ఆ అద్దంలో రూబీ కనబడగానే గుడ్డ భుజాన వేసుకుని, "అయిపాయె. ఎక్కమ్మా," అన్నాడు.

రోజూ ఎలాగో టైముకు చేరే బస్సు ఆ రోజు నిజంగానే లేటైంది. రూబీ ఆఫీసులో హాజరు చూసే కామేశ్వరరావుగారి ముందుకెళ్లి నిలబడింది.

"కంపెనీ బస్సే లేటైతే ఎవరికీ మార్కు వెయ్యమమ్మా," అన్నాడాయన. "తిట్లు మాత్రం డ్రైవరుకి పడతాయి."

రూబీకి సిగ్గేసింది. ముందు సీట్లో కూర్చుని కోప్పడటమే గానీ, రోజూ ఆఖరున పరుగెత్తుకొచ్చి ఎక్కేవాళ్లెవరో ఏనాడూ తిరిగి చూడలేదు. ఆ తిట్లు తినే మనిషి మీద కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మర్నాడు ఎనిమిదయింది. పక్క సీటు తేజస్విని ఇంకా రాలేదు. వెనక నుంచి గిరీష్ అరిచాడు. "ఇంకా ఎంతసేపు?"

మొగిలి నోరు తెరిచేలోపే రూబీ బస్సు దిగి, ముందు టైరును ఒక్క తన్ను తన్నింది.

"ఇందులో గాలి తగ్గినట్టుందండీ," అంది. "ఫైవ్ మినిట్స్."