ఎలుగుబండ మీద సిగ్నల్

నా నోరు మంచిది కాదని మా ఆయన యెషయా పెళ్లయిన మూడో రోజే తేల్చేశాడు. నర్సు ఉద్యోగం చేసేదానికి నోరు మెత్తగా ఉంటే పనులు జరుగుతాయా? రుద్రవరం దగ్గరి సబ్‌సెంటర్లో ఉన్నన్నాళ్లూ ఆ నోటితోనే నెట్టుకొచ్చాను. ఒక్క మనిషి ముందు మాత్రం నా నోరు మూతపడింది. ఆమె పేరు మారెమ్మ.

మారెమ్మది రుద్రవరం పైన, నల్లమల కొండలో పదిహేడిళ్ల చెంచు గూడెం. తొంభైల్లో ఆ గూడెంలో ఎవరికి నొప్పులొచ్చినా నన్ను పిలవడానికి ఆమే దిగి వచ్చేది. చెప్పుల్లేని కాళ్లతో మూడు గంటలు నడిచొచ్చి గుమ్మంలో నిలబడి, "నర్సమ్మా, లెయ్యి, పోదాం" అనేది. కూర్చోమంటే కూర్చునేది కాదు, నీళ్లిస్తే నిలబడే తాగేది. మేమిద్దరం కొండెక్కి వెళ్లేసరికి సగంసార్లు బిడ్డ పుట్టి ఏడుస్తూ ఉండేది. తక్కిన సగంసార్లు ఏమైందో ఇప్పుడు తలుచుకోవాలని లేదు.

రెండువేల ఆరులో అనుకుంటాను, ఆళ్లగడ్డ బస్సులో మారెమ్మ నా పక్కన కూర్చుని నా సెల్లు వైపు వంగి చూసింది. ఆ రోజుల్లో ఏ ఊరి టవరు దగ్గరికొస్తే ఆ ఊరి పేరు తెర మీద పడేది. రుద్రవరం దాటాం, పేరు మారింది. చదివి చెప్పాను.

"మా గూడెం పేరు పడదా?"

"అక్కడ సిగ్నల్ లేదు. సిగ్నల్ లేనిచోట పేరుండదు."

"అంటే దీని లెక్కన మేం లేనట్టేనా? ఏం సెల్లమ్మా అది!" అని పకపకా నవ్వింది. బస్సంతా తిరిగి చూసింది.

నవ్విందే గానీ ఆ మాట మనసులో పెట్టుకుంది. నెల తిరక్కుండానే కుంకుడుకాయలమ్మిన డబ్బు కొంగున కట్టుకొచ్చి, నంద్యాలకు పోయి సెల్లు కొనిపెట్టమంది. ఆమె కూతురు ఈశ్వరికి అప్పుడు ఆరో నెల, తొలికాన్పు. అల్లుడు చంద్ర ఇల్లరికం వచ్చి వాళ్లింట్లోనే ఉండేవాడు. బస్టాండు ఎదురుగా పాత ఫోన్ల కొట్లో కుర్రాడు ఆమెను ఎగాదిగా చూసి, "చదువొచ్చా అవ్వా? ఇది నొక్కడం తెలుసా?" అన్నాడు.

"నీకు తేనె కొయ్యడమొచ్చునా అప్పా?" అంది మారెమ్మ. వాడు డబ్బా తెరిచాడు.

రెండంకె మీద నా నంబరు పెట్టించాను. దాని మీద బొటనవేలు ఒత్తిపట్టుకుంటే చాలు, నేను పలుకుతానన్నాను. గూడెంలో కరెంటు లేదు కాబట్టి చార్జింగుకు వారానికోసారి కొండ కిందున్న చెక్‌పోస్టుకు పంపేవాళ్లు. అక్కడ సిగ్నల్ కూడా అందేది. కానీ గూడెం నుంచి చెక్‌పోస్టుకు ఎంత పరిగెత్తినా గంటన్నర.

మారెమ్మ ఊరుకునే మనిషా! తేనెపట్టు కోసం తిరిగినట్టే సెల్లు చేత్తో పైకెత్తి పట్టుకుని కొండంతా తిరిగింది. నాలుగో రోజు పొద్దున్నే నా ఫోను మోగింది.

"నర్సమ్మా! దొరికిందే! ఎలుగుబండ మీద నాలుగు పుల్లలు నిలబడినాయి. ఇనపడతాండానా?"

తెరమీది సిగ్నల్ గీతల్ని అందరం పుల్లలనే అనేవాళ్లం. ఎలుగుబండ వాళ్ల గూడేనికి పావుగంట దూరం. గంటన్నర దూరం పావుగంటకు తగ్గిందంటే ఎంత సంబరమో ప్రసవాలు చేసే దాన్నడగండి. "మళ్లీ వెతుక్కోకుండా అక్కడి చెట్టుకు కనబడేట్టు ఏదన్నా గుర్తు కట్టు" అని నేనే చెప్పాను. ఎంతో తెలివైన సలహా ఇచ్చినట్టు ఆ రోజంతా పొంగిపోయాను కూడా.

కార్తీక మాసం ముగిసేదాకా కాన్పు కాదని లెక్కేసి చెప్పింది కూడా నేనే. ఆ మాట నమ్మి, ఒకనాడు మారెమ్మ కూతురికి సెల్లిచ్చి, "నొప్పులొస్తే మీ ఆయన్ను మాట్లాడమను" అని చెప్పి ఆళ్లగడ్డకు దిగింది. ఆ పొద్దే ఈశ్వరికి నొప్పులు మొదలయ్యాయి. నాకు చంద్ర ఫోను ఎనిమిదికి వచ్చింది. రొప్పుతున్నాడు, మాట తెగిపోతోంది. "ఎప్పుడు మొదలయ్యాయిరా?" అంటే "తెల్లారి" అన్నాడు.

జీపు మాట్లాడుకుని, చెక్‌పోస్టు దగ్గర కాచుకున్న చంద్రను ఎక్కించుకుని, జీపు ఎక్కలేని చోట దిగి, అతనితో కలిసి పరుగులాంటి నడక నడిచాను. దారిలో ఎలుగుబండ దగ్గర ఎందుకో నా ఫోను తీసి చూశాను. నాలుగు పుల్లలూ ఉన్నాయి. వీడు ఇక్కడి నుంచి కదా పిలవాల్సింది! అడిగే తీరిక లేదు, నడిచాను.

బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చి తల దగ్గర ఆగిపోయింది. నా చేతనైనంతా చేశాను. మగబిడ్డ. ఊపిరి లేదు. గంట ముందు వచ్చి ఉంటే బతికేవాడని నా చేతులకు తెలుసు. నెత్తురు ఆగేదాకా ఈశ్వరి పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ పిల్ల మాత్రం దక్కింది.

బయటికొచ్చి చంద్ర మీద విరుచుకుపడ్డాను. ఇప్పటికీ ఆ మాటలు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "నాలుగు పుల్లలున్న బండ పక్కనుంచే పోతూ చెక్‌పోస్టు దాకా ఎందుకు పరిగెత్తావురా? నీకు కళ్లు లేవా?"

చంద్ర నేలచూపులు చూస్తూ అన్నాడు: "ఆడ అత్త గురుతు ఉండాది నర్సమ్మా."

"గుర్తుంటే?"

"అత్తది. ముట్టగూడదు గద."

"ఆమె ఫోను ముట్టలేదూ నువ్వు?"

"ఫోను ఇచ్చిపాయె. బండ ఇయ్యలేదు."

అప్పుడు తెలిసింది నాకు. పదేళ్లుగా ఆ గూడేనికి తిరుగుతూ కూడా నేనెరగని సంగతి అది. తేనెపట్టు కనబడ్డ చెట్టుకు, చూసినవాళ్లు నారతాడు చుట్టి అందులో ఒక పచ్చికొమ్మ దోపుతారు. ఇక అది వాళ్లది. ఆకలితో కడుపు మాడినా, ఎదురుగా తేనె కారిపోతున్నా ఇంకొకరు చెయ్యి పెట్టరు. గుర్తు కట్టమని నేను చెప్పాను, మారెమ్మ తనకు తెలిసిన గుర్తు కట్టింది. గూడెమంతా పద్ధతిగా ఆ బండకు దూరం జరిగింది. చంద్ర కూడా ప్రాణాలుగ్గబట్టుకుని పద్ధతిగానే పరిగెత్తాడు.

ఈశ్వరిని డోలీ కట్టి దించి ఆళ్లగడ్డ ఆసుపత్రికి చేర్చాం. కబురందుకుని వచ్చి మారెమ్మ అప్పటికే వరండాలో నేల మీద కూర్చుని ఉంది. పక్కనున్న మూటలో, పుట్టబోయే మనవడి కోసం ఆ రోజే కొన్న చిన్న టోపీ. నేను ఆమె పక్కన చతికిలబడ్డాను.

"తప్పు నాదే మారెమ్మా. కట్టమన్నది నేనే" అన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు.

"నీకేం తెలుసు నర్సమ్మా? నాకు తెలుసు గద. అల్లునికి ఒక మాట చెప్పిపోవాల్సింది, మరిచిపోతి." ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"పోగానే ఆ తాడు విప్పెయ్" అన్నాను.

"విప్పితే పోదు. అది మారెమ్మది అనే మాట మనుషుల్లో ఉంటాది. పట్టు కోసి, ఇంటికొకరి చేతిలో ఇంత తేనె పోస్తేనే అది అందరిదయ్యేది. బండలో ఏముండాదని పొయ్యాల?" అంది.

ఆ తర్వాత నాలుగో ఆదివారం. ఆళ్లగడ్డలో చర్చిలో ఉన్నాం. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా నా సంచిలో ఫోను మోగింది. మారెమ్మ పేరు. బయటికి పరిగెత్తాను.

"నర్సమ్మా, నేను ఆదెమ్మను."

"ఎవరికి ఏమైంది?"

"ఏం కాలే. అంతా బాగుండాము." పెట్టేసింది.

లోపలికెళ్లి కూర్చున్నానో లేదో మళ్లీ మోత. ఈసారి భారతమ్మ. "ఏం లేదు నర్సమ్మా. తింటివా?" మూడోసారి ఎవరో ముసలాయన గట్టిగా దగ్గి, "నేను దాసరయ్య" అని ఊరుకున్నాడు. యెషయా నన్ను మింగేసేలా చూస్తున్నాడు. ఒళ్లు మండిపోయి నాలుగో ఫోనుకు గయ్యిమన్నాను: "పనీపాటా లేదా మీకు? ప్రార్థనలో ఉన్నాను, ఆటలాడుతున్నారా?"

అవతల చిన్నపిల్ల గొంతు బెదిరిపోయింది. "మారెమ్మవ్వ మాట్లాడమనె. ఇంటికొకరు మాట్లాడాలంట. ఈడ బండ మీద అందరం వరసన నిలబడుకోనుండాం."

చర్చి మెట్ల మీద అట్లాగే కూలబడ్డాను. బండలో పొయ్యడానికేముందని అడిగిన మనిషి, ఉన్నదేదో కనిపెట్టి ఇంటికింత పోస్తోంది. ఇంక లోపలికి పోలేదు. ఒక్కొక్కరే వచ్చారు. పేరు చెప్పారు, నేను పలికాను. కొందరు నవ్వారు. ఒకామె వాళ్ల మేక ఈనిందని చెప్పింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పదహారిళ్లయ్యాయి. లోపల ఆరాధన ముగిసి జనం నన్ను దాటుకుని వెళ్లిపోతున్నారు.

పదిహేడోసారి మోగింది. ఎత్తాను. చాలాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. వెనక నుంచి మారెమ్మ గొంతు, "మాట్లాడప్పా" అంటోంది.

"నర్సమ్మా, చంద్రను. ఎలుగుబండ మీద నుంచి మాట్లాడతాండా. ఇనపడతాండానా?"

"ఇనపడతాండావు నాయనా" అన్నాను. "బాగా ఇనపడతాండావు."