నక్షత్రం మీద కుట్టిన పడవ

2022 నవంబర్. జెద్దాలో మా ఎంబ్రాయిడరీ షాపుకి అంత గిరాకీ అంతకుముందెప్పుడూ చూడలేదు. పక్క దేశంలో వరల్డ్ కప్ జరుగుతోంది. సౌదీ టీము మొదటి మ్యాచ్‌లోనే అర్జెంటీనాని ఓడించింది. మర్నాటి నుంచి మా వీధిలో ఆకుపచ్చ జెర్సీ లేని మనిషి కనిపిస్తే ఒట్టు. బడి యూనిఫాంల మీద పేర్లు, హాస్పిటల్ కోట్ల మీద గుర్తులు కుట్టుకుంటూ నెమ్మదిగా బతికే మా మెషిన్‌కి ఆ నెల ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది.

షాపు ఒక సౌదీ పెద్దాయనది. మా వీసాలకి పూచీ ఉన్న కఫీల్ ఆయనే. నడిపేది మాత్రం మేమిద్దరం. నాది ప్రొద్దుటూరు. కటింగూ, కౌంటరూ నేను చూస్తాను. మెషిన్ లింగయ్యది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి బిల్డింగు పనికని వచ్చి, ఎండకి ఆగలేక నీడపట్టున పని వెతుక్కుని, ఈ విద్య నేర్చుకున్నాడు. పనితనానికి వంక పెట్టలేం. ఒక్కటే రోగం, చెప్పినదానికన్నా కొంచెం ఎక్కువ చేస్తాడు. పేరు కుట్టమంటే పేరు కింద ఓ పూల తీగ కూడా వేసి ఇస్తాడు. కస్టమర్లు మురిసిపోతారు, వాడూ మురిసిపోతాడు.

ఆ హడావిడిలోనే ఇస్మాయిల్ ఉస్తా వచ్చాడు. మా వరసలోనే ఉన్న టర్కీ హోటల్లో కబాబులు కాల్చేది ఆయనే. ఉస్తా అంటే వాళ్ల భాషలో పనిలో ఆరితేరినవాడని, మనం ఉస్తాద్ అన్నట్టే. జెద్దాకి నాకన్నా చాలా ముందు వచ్చినవాడు. మాకిద్దరికీ కలిసింది బజారు అరబ్బీ, అందులో నాలుగు హిందీ మాటలు. దాంతోనే లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లం.

ఆయన కవర్లోంచి ఒక పాత జెర్సీ తీసి కౌంటర్ మీద పరిచాడు. ముదురు నీలం, ఇటుక రంగు చారలు. ఛాతీ మీద చేత్తో కుట్టిన తెల్ల పక్షి. జెద్దా సముద్రపు ఒడ్డున కార్నిష్‌లో రొట్టెముక్కల కోసం ఎగిరే తెల్ల పక్షుల జాతే.

"ఇలాంటివి టీముకి సరిపడా కావాలి కరీం. డిసెంబర్లో ఊరికి పోతున్నాను. ఆలస్యమైనా సర్దుకుంటాను గానీ తప్పు మాత్రం ఉండకూడదు" అన్నాడు.

నాకు ఫుట్‌బాల్ పట్టదు. క్రికెట్ మనిషిని. అయినా మధ్యాహ్నం హోటల్లో రద్దీ తగ్గాక ఆయన టీ గ్లాసులు పట్టుకుని వచ్చి కూర్చుంటే ఆ క్లబ్బు చరిత్ర వినక తప్పేది కాదు. నల్ల సముద్రం ఒడ్డున చిన్న ఊరు. చేపలు పట్టేవాళ్లూ, వలలు బాగుచేసేవాళ్లూ, ఓ బడిపంతులూ కలిసి క్లబ్బు పెట్టారు. పడవల పైభాగానికి వేసే నీలం, అడుగుకి వేసే ఇటుక రంగు మిగిలిపోతే గోల్ స్తంభాలకి పూశారు. జెర్సీలకీ అవే రంగులు ఖాయమైపోయాయి. ఒకే ఒక్కసారి తమకన్నా ఒక మెట్టు పై లీగుకి ఎక్కారు. ఊరంతా పొట్టేళ్లు కోసి పండగ చేసుకుంది. మరుసటి ఏడు మళ్లీ కిందికి దిగారు. ఆ దిగిన కథ చెప్పేటప్పుడూ ఆయన మొహం వెలిగిపోయేది. ఇన్నిసార్లు ఓడిన టీము గురించి ఇంత గర్వంగా చెప్పేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఒకరోజు మాత్రం ఆ వెలుగు లేదు. ఆ క్లబ్బుకి గోల్‌కీపర్ ఆయనేనట. సీజన్ మధ్యలో సౌదీ వీసా చేతికొచ్చింది, వచ్చేశాడు. ఆ సీజన్ టీము బాగా దెబ్బతింది. తర్వాత క్లబ్బుని పక్క ఊరి క్లబ్బులో కలిపేశారు. రంగులు పోయాయి, పక్షి పోయింది, పేరూ పోయింది. ఆయన అన్న రిజా అప్పటి నుంచి ఆయనతో మాట్లాడలేదు. తల్లి అంత్యక్రియల్లో, జనాజా నమాజులో కూడా చెరో పక్కన నిలబడ్డారట.

"మా అన్న ఏనాడూ టీములో ఆడలేదు, కానీ క్లబ్బే ఆయన ప్రాణం. ఇప్పుడు పాత ఆటగాళ్లంతా కలిసి అదే పేరుతో మళ్లీ మొదలుపెట్టారు, అన్నిటికన్నా కింది లీగులో. మొదటి మ్యాచ్‌కి జెర్సీలు నేను తెస్తానని మాటిచ్చాను. వాటిని చూసైనా మాట్లాడతాడేమోనని."

అప్పటి నుంచి అది నాకు మామూలు ఆర్డర్ కాకుండా పోయింది. ఇటుక రంగు దారం సరిగ్గా కుదరాలని నేనే బలద్ బజారుకి వెళ్లి దుకాణాలన్నీ తిరిగాను. నేను లేనప్పుడు లింగయ్య డిజిటైజింగ్ చేశాడు. అంటే బొమ్మని సూది కుట్టగలిగే కుట్లుగా కంప్యూటర్లో మార్చడం. పక్షి చక్కగా వచ్చింది. ముక్కు దగ్గర వంపు కూడా పాత జెర్సీలో ఉన్నట్టే తీశాడు. నేను దారం తెచ్చి ఇచ్చి, మిగతా ఆర్డర్ల తొక్కిసలాటలో పడిపోయాను. వాడు కుట్టి, మడతపెట్టి, కవర్లలో సర్దాడు.

శనివారం ఉస్తా ప్రయాణం. గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వచ్చి మొదటి కవర్ విప్పాడు. విప్పినవాడు విప్పినట్టే ఆగిపోయాడు. పక్షి నెత్తిన బంగారు రంగు దారంతో పెద్ద నక్షత్రం మెరుస్తోంది.

"ఇదేమిటి?"

"స్టార్, ఉస్తాద్! మేరీ తరఫ్ సే" అన్నాడు లింగయ్య, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ.

ఉస్తా స్టూలు మీద కూర్చున్నాడు. నా వైపు తిరిగి అన్నాడు. "మా దేశంలో నక్షత్రం అందానికి పెట్టరు కరీం. పెద్ద లీగుని ఐదుసార్లు గెలిస్తే ఒక నక్షత్రం. దేశం మొత్తంలో ఏ కొన్ని క్లబ్బులకో ఉంది. మేము గెలవడం కాదు, ఆ లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇది వేసుకుంటే ఊరు నవ్వుతుంది, నవ్వనీ. మా అన్న ఏమంటాడో తెలుసా? వదిలేసి పోయావు, మనమెవరమో కూడా మర్చిపోయావు అంటాడు."

ఆ మాట తెలుగులో చెప్పగానే లింగయ్య మొహం మాడిపోయింది.

"నాకేమెర్క భాయ్! టీవీల సూస్తే అందరి అంగీల మీద సుక్కలే ఉన్నయి. మన ఉస్తాద్ టీముకు మనమెందుకు తక్కువ జెయ్యాలె అనుకున్న."

"అనుకుంటే ఒక మాట అడగల్ల గదప్పా! నోరుండాది గదా?" అని కసిరాను. కసిరాక వాణ్ణి చూస్తే జాలేసింది. వాడి తప్పులో పిసరంత సోమరితనం లేదు, అంతా ప్రేమే. అలాంటి తప్పుని తిట్టడం కష్టం.

ఒక జెర్సీ తిరగేసి కుట్లు విప్పి చూశాం. జెర్సీ గుడ్డ పల్చన కాబట్టి కుట్టేటప్పుడు వెనక కాగితంలాంటి బ్యాకింగ్ పెడతాం, గుడ్డ ముడుచుకోకుండా. దాన్నీ లాగేశాం. దారం మొత్తం వచ్చేసింది గానీ సూది పోట్లు మిగిలాయి. ఆవిరి ఇస్త్రీ పెట్టినా పూడలేదు. కుట్టినప్పటికన్నా విప్పాకే నక్షత్రం బాగా కనిపించింది. ఇంకో సెట్టు కుట్టాలంటే ఆ చారల గుడ్డా లేదు, టైమూ లేదు. తెల్లటి గుండ్రని ముక్క కుట్టి కప్పుదామని ఒకటి పెట్టి చూపించాను. "దెబ్బకి పట్టీ వేసినట్టుంది" అన్నాడు ఉస్తా. నిజమే, అలాగే ఉంది.

ఇక ఏం చేయాలో తోచక అడిగాను. "కప్పులు లేకుంటే పోనీ ఉస్తా. మీ క్లబ్బుకి ఉన్నదేంది? ఇంకే క్లబ్బుకీ లేనిది?"

ఆయన ఆలోచించాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"పడవ" అన్నాడు. "మా గ్రౌండుకి ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. గట్టిగా తన్నితే బంతి నీళ్లలో పడేది. అందుకే ప్రతి మ్యాచ్‌కీ ఒడ్డున ఒక పడవ కాపు కాసేది. బంతి తెచ్చి ఇచ్చేదాకా రెండు టీములూ నడుం మీద చేతులేసుకుని నిలబడేవి. బయటి టీములు మమ్మల్ని ఎగతాళి చేసేవి."

"పడవలో ఎవరుండేవాళ్లు?"

"మా అన్న" అన్నాడు.

లింగయ్యకి నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే వాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉస్తా కబాబు చుట్టే కాగితం మీద పడవ గీసి ఇచ్చాడు. నక్షత్రం మీదే పడవ కుట్టి కప్పెయ్యాలి, చిక్కంతా దానికి ఉన్న ఐదు మొనలది. నడుమంతా పడవ కింద దాగిపోతుంది, మొనలు మాత్రం బయటికి పొడుచుకొస్తాయి. పై మొన మీద టోపీ పెట్టుకున్న మనిషిని కూర్చోబెట్టాడు లింగయ్య. మిగిలిన నాలుగు మొనల మీదా తెడ్లు వేశాడు. దాన్ని శాటిన్ కుట్టుతో, అంటే దారం పక్కపక్కనే దట్టంగా పడేలా కుడితే కింది బంగారం ఎక్కడా తొంగిచూడలేదు. విప్పిన జెర్సీలో పోట్లు కూడా దాని కిందే కలిసిపోయాయి.

శుక్రవారం పొద్దున షట్టర్ సగం దించుకుని కూర్చున్నాం. జుమ్మా నమాజు నుంచి ఉస్తా తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. జెర్సీ చేతిలోకి తీసుకుని పడవ మీద బొటనవేలితో రాశాడు. కళ్లు తుడుచుకుని, లింగయ్య తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. లింగయ్య సిగ్గుతో మెషిన్ వెనక్కి పోయాడు. ఆ సంబరంలో తెడ్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

జనవరిలో ఆయన తిరిగొచ్చాడు. సంచీ నిండా వాళ్ల ఊరి హేజల్ నట్లు తెచ్చి కౌంటర్ మీద పోశాడు. నేను మ్యాచ్ సంగతి అడగలేదు. "అన్న?" అన్నాను.

వాన పడుతోందట. ఇంటికి వెళితే తలుపు తాళం వేసి ఉంది. గ్రౌండుకి వెళితే కంచె అవతల గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు రిజా. టీము కొత్త జెర్సీల్లో బయటికొచ్చింది. ఆయన కంచె దాటి వచ్చి, కెప్టెన్‌ని ఆపి, ఛాతీ మీది గుడ్డని రెండు చేతులా పట్టుకుని, కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"నా పడవకి తెడ్లు రెండే కదరా. నాలుగెక్కడివి?"

ఇన్నేళ్ల తర్వాత ఆ అన్న నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"టైలర్ పొరపాటు అన్నా" అన్నాడట ఉస్తా.

"టైలర్‌కేం తెలుసు? నువ్వెక్కడ చచ్చావు? దగ్గరుండి చూసుకోవద్దా?"

మ్యాచ్ జరిగినంతసేపూ ఇద్దరూ తెడ్ల గురించే పోట్లాడుకున్నారట. టీము ఓడిపోయింది. అన్నం మాత్రం అన్న ఇంట్లోనే తిన్నాడు. ఇది చెబుతూ ఉస్తా ఏడ్చాడు, నవ్వాడు, మళ్లీ ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

ఈ పనిలో ఇన్నేళ్లుగా ఉన్నాను గానీ ఆ ఆర్డర్ దాకా ఒక సంగతి తెలియలేదు. ఛాతీ మీద కుట్టే గుర్తు మన పనితనం చూపించుకునే చోటు కాదు. అది ఎవరిదో వాళ్లనే అడగాలి. అడిగితే గెలిచినవే చెప్పరు, ఓడినవీ నీళ్లలో పడినవీ కూడా చెబుతారు. కాస్త టైము పడుతుంది, కూర్చుని వినాలి. ఇప్పుడు షాపుకి గుర్తు పట్టుకుని ఎవరొచ్చినా ముందు స్టూలు జరుపుతాను.

పోయినేడు కొత్త సీజన్‌కి ఇంకో సెట్టు కావాలని ఉస్తా వచ్చాడు. "ఈసారి రెండు తెడ్లే పెడ్తం ఉస్తాద్, ఫైలుల సరిజేస్త" అన్నాడు లింగయ్య. నేను దాన్ని అరబ్బీలో చెబితే ఉస్తా వద్దని చెయ్యి ఊపాడు. అన్నకి ఫోన్ చేసి అడిగాడట. "నాలుగూ ఉండనీరా, ఇద్దరం కూర్చుంటే సరిపోతాయి" అన్నాడట రిజా.

లింగయ్య నన్ను అడిగి, ఉస్తాని అడిగి, పడవలో రెండో మనిషిని కుట్టాడు.