నేను రాయని పెళ్లిపాట

పెళ్లి కాకముందు నుంచీ ఈ బరువు మోస్తున్నాను. నా భర్తకు చెప్పలేదు. కన్నకూతురికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. గొర్రెల మీద బతికే కురుమ కుటుంబం. మా ఇంటికి కొత్త కోడలు వస్తే గొర్రె బొచ్చుతో నేసిన గొంగడి మీద కూర్చోబెట్టి ఆడవాళ్లు ఒక పాట పాడేవారు. అంతకుముందు ఆ ఇంటికి వచ్చిన కోడళ్లందరి పేర్లు, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరు ఏ కరువులో పిల్లలను ఎలా బతికించారో, అంతా అందులో వరసగా ఉండేది. మొత్తం పాట వచ్చింది మా అవ్వకొక్కదానికే, అంటే మా నాయనమ్మకే.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నాకు పదిహేనేళ్లు. దేవరకొండలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఎండాకాలం సెలవులకు వస్తే అవ్వ పిలిచింది. అప్పటికే ఆమెకు చూపు పోయింది.

"నేను పోతే గీ పాట నాతోనే పోతది బిడ్డా. మనింట్ల సదువు నీకే వచ్చింది. జర రాసిపెట్టు."

వారం రోజులు మధ్యాహ్నాలు ఆమె పాడింది. నేను పక్కన కూర్చుని నోటుపుస్తకంలో అక్షరాలు కాదు, వంకర గీతలు గీశాను. పెన్సిలు చప్పుడు వినిపిస్తే చాలు, అవ్వ తరువాతి పేరుకు పోయేది.

"రాసినవా?"

"రాసిన అవ్వా."

ఆఖరి రోజు పుస్తకం అడిగి తీసుకుంది. కాగితాలను వేళ్లతో తడిమింది. "గిండ్ల మనోళ్లంత ఉన్నరా," అంది. ఉన్నారన్నాను.

ఎందుకు చేశాను? బద్ధకమా? హాస్టల్లో నా గొంగడి వాసన చూసి తోటి పిల్లలు ముక్కు మూసుకున్నారు, ఆ సిగ్గు ఇంకా నాలో ఉంది, నిజమే. కానీ తప్పు వాళ్ల మీదికి నెట్టలేను. ఆ పేర్లతో నాకు పనేముంది అనుకున్నాను. అంతే.

ఆ చలికాలంలో అవ్వ పోయింది. పుస్తకం పొయ్యిలో పెట్టాను.

కొన్నేళ్లకు తమ్ముడి పెళ్లయింది. కొత్త కోడలు గొంగడి మీద కూర్చుంది. చిన్నమ్మ నా దగ్గరికి వచ్చి పుస్తకం అడిగింది. చెదలు పట్టిందని చెప్పాను.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా, పురుగుకేమెరుక," అని నా తల నిమిరింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆడవాళ్లు తమకు వచ్చిన రెండు చరణాలు పాడి ఆగిపోయారు. తరువాత అన్నాలకు లేచారు. ఆ తరువాతి పెళ్లిళ్లలో ఆ రెండు చరణాలూ పాడలేదు.

చిన్నమ్మ కూడా ఇప్పుడు లేదు. క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు, అడిగే హక్కు ఉందని కూడా అనుకోను. ఎంత తలచుకున్నా నాకు గుర్తొచ్చేవి మూడు పేర్లు: బీరమ్మ, సాయమ్మ, ఎల్లమ్మ. వాళ్ల ఊళ్లు గుర్తు లేవు. మిగతావాళ్లను పోగొట్టింది నేనే. ఈ మాట ఇన్నేళ్లకు బయటికి అనగలిగాను.