తుప్పు పడితేనే సెలవు

రియాద్ దగ్గర్లోని ఒక నేషనల్ పార్కులో సందర్శకుల కేంద్రం చూడబోయాను. గోడలకు ప్లాస్టరింగ్ లేదు, సున్నం లేదు. ముందంతా తుప్పుపట్టిన ఇనుప రేకులే. కొత్త భవనాన్ని ఇలా వదిలేశారేమిటని విసుక్కుంటుంటే, "పట్టవేందే, నీ పాడుగాను!" అని తెలుగు వినబడింది. తళతళలాడుతున్న ఒకే ఒక్క రేకు మీద ఒకాయన ఉప్పునీళ్లు చల్లుతున్నాడు. పేరు రాజన్న, ఊరు నిర్మల్ దగ్గర, ఇక్కడ మెయింటెనెన్సు పని.

"ఏం చేస్తున్నారన్నా?"

"తుప్పు పట్టిస్తున్న సార్. చేరిన కొత్తల, ఎవ్వలు పట్టించుకుంటలేరని దీన్ని గీకి గీకి మెరిపిచ్చిన. ముదీర్ వచ్చి నెత్తి పట్టుకున్నడు. గా తుప్పే డిజైనంట!"

నిజం చెప్పొద్దూ, నేనైనా అదే చేసేవాణ్ణి.

ముదీర్ అంటే మేనేజరు. మిగతా రేకులతో రంగు కలిసేదాకా సెలవు లేదన్నాడట. ఎడారి గాలిలో తడి ఎక్కడిది? రెండు నెలలైనా అక్కడక్కడా చుక్కలే.

"మరి ఇంట్లో ఏం చెప్పారు?"

"ఏం చెప్పాలె సార్? ఎప్పుడొస్తవని మా ఇంటామె రోజూ ఫోన్ల అడుగుతది. తుప్పు పట్టంగనే వస్తనంటే, 'పొద్దుగాలనే తాగినవా?' అంటది."