లంకలో పండుగప్ప భోజనం

ఐర్లాండులో మన తెలుగువాళ్ళెవరైనా ప్రయాణం పెట్టుకున్నామని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి మాట, "రీ ఎంట్రీ కొట్టించావా?" అని. అక్కడినుంచి బయటికి పోతామంటే ఎవరూ అడ్డుపడరు. మళ్ళీ లోపలికి అడుగు పెట్టాలంటే మాత్రం బయల్దేరకముందే పాస్‌పోర్టులో ఒక వీసా వేయించుకోవాలి. దాన్నే రీ ఎంట్రీ అంటారు. అది లేకుండా పోయినవాళ్ళు పోయినట్టే. చంటిపిల్లకి దిష్టి తీయడమైనా మరిచిపోతారేమోగాని ఈ మాట అడగడం మాత్రం మనవాళ్ళు మరిచిపోరు.

నన్ను ఆ మాట అడిగేసరికి నేను థాయిలాండులో ఒక పెద్ద సరస్సు మధ్య, లంకలో, చేప పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. పుట్టింది కొల్లేటి లంకలో. పిల్లలు లేరు. ఆయన పోయాక మరిది ఇంట్లో ఉంటున్నప్పుడు మా అక్క కూతురు నన్ను ఐర్లాండులో స్లైగో అనే ఊరికి పిలిపించుకుంది. నాకు అదే అమ్మాయి. అదీ, దాని మొగుడూ ఇద్దరూ డాక్టర్లే, అక్కడి ఆస్పత్రిలో. రెండో కాన్పుకి సాయం వచ్చిన దాన్ని అలాగే ఉండిపోయాను. మా అల్లుడుగారు ఏటా గార్డా స్టేషనుకి, అంటే అక్కడి పోలీసు ఠాణాకి తీసుకెళ్ళి, ఆ దేశంలో ఉండనిచ్చే నా కార్డు మార్పించేవారు.

పురిటిలో నా చేతుల్లో పెట్టిన పిల్లాడు నా చేతుల్లోనే పెరిగాడు. తల్లి డ్యూటీకి పోయేటప్పుడు ఏడ్చేవాడు కాదు. నేను పెరట్లోకి బట్టలు ఆరేయడానికి పోతే ఏడ్చేవాడు. అన్నం కలిపి కంచం ముందు పెడితే మొదటి ముద్ద వాడే తీసి నా నోట్లో పెట్టాలి. "ఆ అను అమ్మమ్మా" అనేవాడు. నేను నమిలి మింగి నోరు తెరిచి చూపిస్తేనే వాడు తినేవాడు. ఎక్కడ నేర్చాడో తెలియదు. వాడి అక్క మాత్రం తెలుగు అర్థమైనా ఇంగ్లీషులోనే, ఆ ఊరి యాసలోనే మాట్లాడేది. నేను వంటింట్లో చెయ్యి కాల్చుకుంటే "యూ ఆర్ గ్రాండ్, అమ్మమ్మా, యూ ఆర్ గ్రాండ్" అని ఊదేది. అక్కడ దానికి ఏం కాలేదులే అని అర్థం.

ఆ రోజుల్లో ఐర్లాండులో ఎటు చూసినా కొత్త ఇళ్ళే. పొద్దున గడ్డి మేసే గొర్రెలు కనిపించిన చోట సాయంత్రానికి పునాదులు కనిపించేవి. మావాళ్ళూ ఒక ఇల్లు కొన్నారు. గోడలు లేచాక నన్ను తీసుకెళ్ళి చూపించారు. ఇది పిల్లదాని గది, ఇది పిల్లాడిది, ఇది అల్లుడుగారు చదువుకునేది, ఇది వచ్చేపోయేవాళ్ళకి.

"మరి నాదేదే?" అన్నాను.

"చూద్దాంలే పిన్నీ, ముందు పైకప్పు పడనీ" అంది మా అమ్మాయి.

ఆ సెప్టెంబరుకి పిల్లాడు బడికి పోవాలి. ఈ రెండు సంగతులూ నేను విడివిడిగా చూశాను. కలిపి చూడలేదు.

ఈస్టరు సెలవులకి థాయిలాండు పోదామన్నారు. కిల్కెన్నీ అనే ఊరినుంచి ఇంకో డాక్టరుగారు, ఆయన భార్య కూడా వస్తారన్నారు. ఆవిడ నోరు ఆగదు, నవ్వూ ఆగదు. నన్ను "ఆంటీ" అని పిలిచేది. నేను వెళ్ళేది పిల్లల్ని చూసుకోవడం కోసమే అయినా, విదేశం చూస్తానని నాకు సంబరమే. సరిగ్గా బయల్దేరే ముందు అల్లుడుగారిని అడిగాను.

"బాబూ, నాకు రీ ఎంట్రీ కొట్టించారా?"

"అన్నీ నేను చూసుకున్నాగా. మీరు పచ్చళ్ళు సర్దండి."

మా అమ్మాయి నా పెట్టె దగ్గరికి వచ్చి, "పిన్నీ, చీరలన్నీ పెట్టేసుకో. అక్కడ చెమటకి రోజుకి రెండు మార్చాలి" అంది. స్వెట్టర్లు మాత్రం వద్దంది. అన్నీ పెట్టుకున్నాను. ఆయన ఫొటో, స్టీలు డబ్బా, ఆ ముందు వారమే పెట్టిన నిమ్మకాయ ఊరగాయ మాత్రం నా గదిలో ప్రెస్సు అనే అలమరలోనే ఉండిపోయాయి. వచ్చాక ఊరగాయ తిరగమోత పెడదామనుకున్నాను.

బ్యాంకాకులో దిగి, ఇంకో విమానమెక్కి, దక్షిణాన సోంగ్‌ఖ్లా అనే చోటికి పోయాం. అక్కడ సముద్రమంత సరస్సు. దాని మధ్య చిన్న లంక, పొడుగాటి వంతెన మీదుగా పోవాలి. వంతెన ఎక్కగానే కిటికీ దగ్గరికి జరిగాను. నీళ్ళలో పాతిన కర్రలు, కర్రలకి కట్టిన వలలు, ఆ వలల్లో చేపల పెంపకం, బురద వాసన, కొంగలు. గట్టున సపోటా తోటలు. పనస చెట్ల మీద కాయలకి సంచులు కట్టి ఉన్నాయి.

"అచ్చం మా కొల్లేరేనే!" అన్నాను.

"అందుకేగా తీసుకొచ్చాం" అంది మా అమ్మాయి, కిటికీలోంచి చూస్తూనే. "నీకు అలవాటైన చోటులా ఉంటుందని."

ముందు మగ్గాలు చూడటానికి పోయాం. ఆ లంక నేతకి పేరు పడ్డది. చెక్క మగ్గం మీద ఒక ముసలామె కూర్చుని నేస్తోంది. మల్లెమొగ్గల్లాంటి చిన్న చిన్న పువ్వుల అంచు. నేను చూస్తూ నిలబడ్డాను. మా అమ్మాయి ఒక ముదురు నీలం బట్ట కొనిపించి, మడత పెట్టించి, తెచ్చి రెండు చేతులా నా చేతుల్లో పెట్టింది. మొగుడిని కూడా పిలిచి పక్కన నిలబెట్టుకుంది. కిల్కెన్నీ ఆవిడ ఫొటో తీసింది.

పండక్కి కొనిస్తే కాగితం సంచిలో తెచ్చి మంచం మీద పడేసేది అది ఎప్పుడూ. "చూడు పిన్నీ, కట్టుకో" అనేది, అంతే. మొగుడూ పెళ్ళామూ పక్కపక్కన నిలబడి రెండు చేతులా బట్ట పెట్టేది ఇంటినుంచి సాగనంపే మనిషికి. ఇంట్లో ఉండే మనిషికి ఎవరూ అలా పెట్టరు. నాకు ఆ మర్యాద తెలుసు. కానీ దానికి తెలియదులే, డాక్టరు చదువులో పడి ఇవన్నీ ఎక్కడ నేర్చింది అనుకుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దానికి బాగానే తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి నీళ్ళ మీద కర్రలు పాతి కట్టిన హోటలుకి పోయాం. చెక్కల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. అక్కడ వలలోనుంచి చేపని మనమే ఎంచుకోవచ్చు. వాళ్ళు పైకి లాగి చూపించారు. వెండిలా మెరుస్తూ, వీపు గూనిగా, పెద్ద నోరు.

"ఇది పండుగప్పే!" అన్నాను. "బాబూ, ఇది మన పండుగప్పే."

"చూశారా, ఎంత దూరమొచ్చినా మీ చుట్టాలే కనిపిస్తున్నారు" అని అల్లుడుగారు నవ్వి, అన్నిట్లోకీ పెద్దది చూపించారు. హోటలు కుర్రాడు కర్రతో నెత్తిన ఒక్కటి వేశాడు. అది నోరు తెరిచి మూసింది.

చేపని ఆవిరి మీద ఉడికించి, నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిరప తరుగు పోసి, కింద దీపం వెలుగుతున్న పళ్ళెంలో తెచ్చారు. ఇంకా ఎన్నో వచ్చాయి. అన్నంలో కొబ్బరి కోరు, లేత ఆకుల తరుగు, ఎండురొయ్యల పొడి కలిపి పైన చేపల పులుసు పోసుకునేది ఒకటి. నీళ్ళలో పెరిగే నాచుతో పచ్చడి. పనస తొనల్ని పిండిలో ముంచి వేయించిన బజ్జీలు. నేను పిల్లాడికి ముళ్ళు తీసి అన్నంలో చేప కలుపుతున్నాను. వాడు మొదటి ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చాడు.

సరిగ్గా అప్పుడే కిల్కెన్నీ ఆవిడ అడిగింది.

"ఆంటీ, మీ రీ ఎంట్రీ సింగిలా, మల్టిపులా? మాకు ఈసారి సింగిలే కొట్టి చచ్చారు. మళ్ళీ దసరాకి పోవాలంటే మళ్ళీ డబ్లిన్, మళ్ళీ లైను."

"నాకేం తెలుసమ్మా, అల్లుడుగారికే తెలుసు" అన్నాను.

అల్లుడుగారు చేప తల తిప్పుతున్నారు. "ఆవిడకి అక్కర్లేదు" అన్నారు.

"అక్కర్లేదా? ఏంటి, ఆంటీకి ఐరిష్ పాస్‌పోర్టు ఇచ్చేశారా? మాకంటే ముందే?" ఆవిడ పగలబడి నవ్వింది. "ఆంటీ, మీరు మామూలోళ్ళు కాదు!"

ఇంకెవరూ నవ్వలేదు. ఆవిడ మొగుడు బల్ల కింద ఆవిడ కాలు తొక్కినట్టున్నాడు. ఆవిడ "ఓ" అని నోరు మూసింది. అంటే ఆయనకి తెలుసు. అందరికీ తెలుసు. ఆవిడకి, నాకు, పిల్లాడికి తెలియదు.

"ఏమ్మా?" అన్నాను మా అమ్మాయిని చూసి.

అది నీళ్ళు తాగింది. "పిన్నీ, గొడవ చేయకు. ఎల్లుండి బ్యాంకాకునుంచి హైదరాబాదుకి నీకు ఫ్లైట్ ఉంది. మీ మరిదికి ఫోన్ చేశాను, ఆయన ఎయిర్‌పోర్టుకి వస్తారు. వాడు స్కూలుకి పోతాడు కదా ఇక. నీకూ వయసొస్తోంది. ఆ చలిలో నీ మోకాళ్ళు చూడలేకపోతున్నాం."

"నా మోకాళ్ళకేమయిందే?"

"ఇదిగో, ఈ గొడవే వద్దన్నాను. ఇంట్లో చెప్తే నువ్వు ఏడుస్తావు, వాడిని ఏడిపిస్తావు. స్లైగోలో మనవాళ్ళందరూ వచ్చి కూర్చుంటారు. ఇక్కడైతే వాడు హాలిడే మూడ్‌లో ఉంటాడు, తెలియకుండా అయిపోతుంది. ఎంతమంది ఇంత బాగా సెండాఫ్ ఇస్తారు పిన్నీ? ఆలోచించు."

"అత్తయ్యగారూ, చల్లారిపోతోంది, తినండి" అన్నారు అల్లుడుగారు. పొట్ట దగ్గరి ముక్క, ముల్లు లేనిది, గరిటెతో తీసి నా పళ్ళెంలో వేశారు. అన్నేళ్ళలో ఆ ముక్క నాకు వేసింది అదే మొదటిసారి. ఆ ఇంట్లో నా వంతు ఎప్పుడూ తోకే.

పిల్లాడి చెయ్యి ఇంకా నా నోటి దగ్గరే ఉంది. "ఆ అను అమ్మమ్మా." నేను నోరు తెరవలేదు. వాడు ముద్దని పెదాలకి నొక్కాడు. మెతుకులు చీర మీద పడ్డాయి. వాడు కంచం తోసేశాడు.

"తినవే పిన్నీ" అంది మా అమ్మాయి పళ్ళు బిగించి. "నువ్వు తినకపోతే వాడు తినడని నీకు తెలుసు. కావాలని చేస్తున్నావు. పిల్లాడిని పస్తు పెడతావా ఇప్పుడు?"

తిన్నాను. నమిలి మింగి నోరు తెరిచి చూపించాను. వాడు తృప్తిగా తిన్నాడు, ఇంకా కావాలన్నాడు. ప్రతి ముద్దకీ ముళ్ళు తీస్తూ కూర్చున్నాను. కిల్కెన్నీ ఆవిడ అటు తిరిగి సరస్సు ఫొటోలు తీసుకుంది. కాసేపటికి ఉండబట్టలేక, "సాస్ భలే ఉంది కదా ఆంటీ, మీరైతే ఏమేం వేస్తారు?" అని అడిగింది. చెప్పాను కూడా. అడిగితే చెప్పడం అలవాటు.

అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది. అనుకున్న ఊరు అనుకున్నట్టే చూడాలి కదా. భోజనమయ్యాక గుడికి తీసుకెళ్ళారు. పడుకున్న బుద్ధుడు. మా అమ్మాయి నన్ను, పిల్లాడిని ఆ విగ్రహం ముందు నిలబెట్టి "నవ్వు పిన్నీ, ఫ్రేము కట్టించి పంపిస్తాను" అంది. గుడి మెట్ల దగ్గర పిల్లది నా చెయ్యి పట్టుకుని, తల్లికి వినబడకుండా, "ఐ న్యూ, అమ్మమ్మా. మమ్మీ మేడ్ మీ ప్రామిస్" అంది. ఏడుస్తోంది. దాన్ని నేనే ఓదార్చాను. "యూ ఆర్ గ్రాండ్" అన్నాను, దాని మాటే దానికి.

సాయంత్రం వంతెన మీదుగా తిరిగొస్తుంటే సరస్సులో ఎవరో వల లాగుతున్నారు. అల్లుడుగారు కారు ఆపించి చూపించారు. "మీ ఊళ్ళో రోజూ చూస్తారు ఇక" అన్నారు. ఆయన మంచిగానే అన్నారు. అదే నాకు ఇప్పటికీ కోపం.

బ్యాంకాకు ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు నా చేతికిచ్చి, అమ్మాయి చెయ్యి చాపింది.

"పిన్నీ, ఇంటి తాళంచెవి."

బొడ్లోంచి తీసి ఇచ్చాను. నా ప్రెస్సులోవి గుర్తుచేశాను. పార్సెల్ చేస్తానంది. చేయలేదు. పిల్లాడికి ఐస్‌క్రీమ్ కొనిపెట్టి అటు తిప్పి తీసుకెళ్ళారు. వాడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అమ్మమ్మ బాత్రూముకి పోయింది, వస్తుంది అని చెప్పారట.

మరిది ఇంట్లో వెనక గదిలో నా మంచం నాకోసం అలాగే ఉంది. దాని మీద ధాన్యం బస్తాలు మాత్రం వేశారు. తోడికోడలు, "ఫారిన్ బట్టేంటక్కా, బట్ట పెట్టి సాగనంపారా?" అంది.

కొన్ని నెలలకి, పిల్లాడు బడిలో చేరాక, మరిది ఫోనుకి మా అమ్మాయి ఫోను చేసింది. వెనక పిల్లాడి ఏడుపు వినిపిస్తోంది. ఎలా ఉన్నావనలేదు.

"పిన్నీ, వీడు అన్నం ముట్టట్లేదు. బ్రెడ్డు తప్ప ఏదీ లోపలికి పోవట్లేదు. సన్నబడిపోయాడు, బళ్ళో టీచరు కూడా అడిగింది. కొత్తగా పెట్టుకున్నమ్మాయి ఎన్ని విధాలుగానో కలిపి చూసింది. నువ్వు ముద్దలో ఏం వేసి కలిపేదానివి? నెయ్యా? వెల్లుల్లి కారమా? కొంచెం చెప్పు పిన్నీ, రాసుకుంటాను."

అన్నేళ్ళూ అదే బల్ల దగ్గర కూర్చుని తిన్నది. మొదటి ముద్ద ఎవరి నోట్లోకి పోయేదో ఒక్కనాడూ చూడలేదన్నమాట. లంకలో ఆ రోజు తినవే అని గదిమింది కదా, అప్పుడు చూసింది, మళ్ళీ మరిచిపోయింది.

పిల్లాడి గొంతు దగ్గరగా వచ్చింది. ఫోను లాక్కోవాలని చూస్తున్నాడేమో. మాట నా నోటిదాకా వచ్చింది. ఏమీ వేయనే, ముందు నువ్వు నోరు తెరువు, వాడి చేత్తో ఒక ముద్ద తిను అని. ఒక్క మాట. ఆ పూటే వాడు తినేవాడు.

"రీ ఎంట్రీ కొట్టించు" అన్నాను. "వచ్చి చెప్తాను."

అటువైపు ఫోను పెట్టేశారు.